బిట్టు తెలుసు, పుస్తకం తెలియదు

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా నల్లగొండలో పాఠకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ముందుగా ఒక మాట. మీరు నా ప్రసంగం కోసం రాలేదని నాకు తెలుసు. పైన రీడింగ్ హాల్లో చదువుకుంటుంటే, కుర్చీలు ఖాళీగా కనబడితే బాగుండదని మిమ్మల్ని కిందికి పిలుచుకొచ్చారు. అరగంటలో వదిలేస్తా. మోడల్ పేపర్ ఒళ్ళో పెట్టుకుని చూసుకునేవాళ్ళు చూసుకోండి, నేనేమీ అనుకోను. ముప్ఫై మూడేళ్ళు తెలుగు పంతులుగా పనిచేసినవాణ్ణి. నేను మాట్లాడుతుంటే వేరే పుస్తకం తిరగేసే పిల్లలు నాకు కొత్త కాదు.

ముందు మీకిష్టమైన పని చేద్దాం. బిట్లు అడుగుతా. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఏ పుస్తకానికి? (సభలోంచి: ఆంధ్రుల సాంఘిక చరిత్ర!) ఏ సంవత్సరం? (1955!) రాసిందెవరు? (సురవరం ప్రతాపరెడ్డి!) గోల్కొండ కవుల సంచిక ఎప్పుడొచ్చింది, అందులో ఎంతమంది కవులు? (1934! 354 మంది!) భేష్. ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఇప్పుడు ఆఖరి ప్రశ్న. ఆ సాంఘిక చరిత్రలో కనీసం ఒక పేజీ చదివినవాళ్ళు చేతులెత్తండి.

(నవ్వులు)

ఒకే ఒక్క చెయ్యి. అది కూడా పొద్దున్నే పేపర్ కోసం వచ్చే మా పెద్దాయనది. సార్, మీరు దించండి, మీకు పరీక్ష లేదు.

మిమ్మల్ని తప్పు పట్టడానికి అడగలేదు. మీ టెన్షన్ నాకు తెలుసు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక పరీక్ష ఎప్పుడో తెలియదు, ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు. మా చిన్నబ్బాయి ఇదే కుర్చీల్లో రెండేళ్ళు కూర్చున్నాడు. సాయంత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని నేనే వచ్చేవాణ్ణి. అప్పుడు గమనించిన సంగతే ఇవాళ చెప్పదలచుకున్నది. ఈ హాల్లోకి వచ్చేవాళ్ళు సొంత పుస్తకం తెచ్చుకుంటారు, సొంత నీళ్ళబాటిల్ తెచ్చుకుంటారు, లైబ్రరీ కుర్చీ మాత్రం వాడుకుంటారు. పదడుగుల దూరంలో బీరువాలున్నాయి. వాటిని పుస్తకాల బీరువాలుగా కాకుండా ఫ్యాన్ గాలికి అడ్డం వచ్చే బీరువాలుగానే చూస్తారు.

ఇవాళ గంట ముందే వచ్చాను. ఇష్యూ కౌంటర్ పక్కన 'కొత్తగా వచ్చినవి' అని రాసిన ర్యాక్ ఉంది కదా, దాని ముందు కూర్చుని ఒక్కో పుస్తకం వెనక అట్ట తిప్పి చూశాను. వెనక చివరి పేజీకి తేదీల చీటీ అంటించి ఉంటుంది. పుస్తకం తీసుకెళ్ళినప్పుడల్లా దాని మీద ముద్ర పడుతుంది. ర్యాక్‌లో 31 పుస్తకాలున్నాయి. 22 చీటీలు తెల్లగా ఉన్నాయి. ఒక్క ముద్ర కూడా లేదు. అతికించిన గమ్ము వాసన ఇంకా పోలేదు.

ఆ పుస్తకాలు ఆ ర్యాక్ దాకా ఎట్లా వస్తాయో నేను కళ్ళారా చూశాను కాబట్టి కొంచెం చెప్తా. కట్ట వస్తుంది. పురికొస బ్లేడుతో కోస్తారు. బిల్లు దగ్గర పెట్టుకుని ఒక్కో పేరుకు టిక్కు పెడతారు. తర్వాత ఒక లావుపాటి రిజిస్టరు తీసి ప్రతి పుస్తకానికీ ఒక నంబరు వేస్తారు. ఆ నంబరు దానికి ఆధార్ లాంటిది, ఇంకో పుస్తకానికి రాదు. టైటిల్ పేజీ మీద ముద్ర వేస్తారు, లోపల ఎక్కడో ఒక రహస్య పేజీ మీద కూడా వేస్తారు. ఎవరైనా మొదటి పేజీ చింపేసి మాదేనన్నా, ఆ లోపలి ముద్ర పట్టిస్తుంది. ఆ పేజీ ఎన్నోదో మాత్రం చెప్పను, ఇక్కడ కొంతమంది హుషారు మనుషులు ఉన్నారు. చివర్లో వెన్ను మీద నంబరు చీటీ.

ఆ వెన్ను మీది నంబరు అంటే చాలామందికి భయం. డ్యూయీ అనే అమెరికా లైబ్రేరియన్ 1876లో పెట్టిన లెక్క అది. లోకంలోని చదువంతా పది భాగాలు చేశాడు. 300ల్లో సమాజం, 500ల్లో సైన్సు, 800ల్లో సాహిత్యం, 900ల్లో చరిత్ర, జీవితచరిత్రలు. తెలుగు సాహిత్యానికి 894.827. మీరు వెయ్యి బిట్లు గుర్తుపెట్టుకుంటున్నారు, ఇది వెయ్యిన్నొకటోది అనుకోండి. దీనివల్ల లాభమేమిటంటే, ఒక మనిషి ఆత్మకథ కోసం నవలల బీరువా అంతా వెతికి 'లేదంట' అని వెళ్ళిపోకుండా ఉంటారు.

ఇంకొక సంగతి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మీ నాన్న కట్టే పన్నులోంచి ఈ పుస్తకాలు వచ్చాయి. కొనేసిన పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళకుండా షాపులోనే వదిలిపెట్టి వచ్చేవాణ్ణి ఏమంటారో మీరే చెప్పండి.

సరే, పుస్తకాల్లోకి వద్దాం. అన్నీ చెప్పను. నేను చదివినవి, చదివి నచ్చినవి కొన్ని చెప్తా.

మొదటిది మన మనిషిది. 'నా మాటే తుపాకీ తూటా'. మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ. ఆమె గురించి కూడా మీకు బిట్లు వచ్చు. కరివిరాల కొత్తగూడెం, అప్పటి నల్లగొండ జిల్లా, తెలంగాణ సాయుధ పోరాటం, తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యే. 2022 మార్చిలో పోయారు. ఈ పుస్తకం ఆమె కూర్చుని రాసింది కాదు. ఆమె చెప్తుంటే కాత్యాయని, విమల విని రాశారు. అందుకని చదువుతుంటే పక్కన మంచం మీద కూర్చుని ఒక ముసలమ్మ చెప్తున్నట్టే ఉంటుంది. దొరల ఇంట్లో పుట్టిన పిల్ల, వెట్టి చేసేవాళ్ళ పక్షాన ఎట్లా నిలబడింది, ఉయ్యాల పాటలు కట్టి ఊళ్ళో ఆడవాళ్ళను ఎట్లా పోగు చేసింది, అడవిలో రాజక్క అనే పేరుతో ఎట్లా తిరిగింది. పరీక్షలో సాయుధ పోరాటం మీద పది మార్కుల ప్రశ్న వస్తే మీరు 1946, 1951 అని తేదీలు రాస్తారు. ఆ తేదీల మధ్య మనుషులు ఏం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో ఇందులో ఉంటుంది. మా ఆవిడ పుస్తకాలు చదివే మనిషి కాదు. దీన్ని నేను పైకి చదువుతుంటే వంటింట్లోంచి వచ్చి గడప మీద కూర్చుంది. మధ్యలో ఫోన్ వస్తే 'తర్వాత మాట్లాడు' అంది నాతో. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా చదువు విన్నది అదే మొదలు.

అది నచ్చితే 'మనకు తెలియని మన చరిత్ర' అడగండి. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెచ్చారు. ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ నోటి మాటలే అంతా. కొత్తది కాదు గానీ, చీటీ తెల్లగా ఉన్నంతవరకు నా లెక్కలో అది కొత్తదే.

రెండోది మేక కథ. పేరు 'పూనాచ్చి'. తమిళంలో పెరుమాళ్ మురుగన్ 2016లో రాసిన నవల, తెలుగులోకి వచ్చింది. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా, ఎందుకంటే నాకు ఎక్కువ ఇష్టం. ఈ మురుగన్‌కు అంతకుముందు ఒక నవల మీద పెద్ద గొడవైంది. ఊళ్ళో మనుషులు తిరగబడ్డారు. ఆయన 2015లో 'రచయిత మురుగన్ చనిపోయాడు' అని ప్రకటించి రాయడం మానేశాడు. తర్వాత ఏడాది మద్రాస్ హైకోర్టు ఆయన వైపు తీర్పు చెప్పి, మళ్ళీ రాయమంది. ఆ తర్వాత వచ్చిన నవల ఇది. మనుషుల గురించి రాయాలంటే భయం, దేవుళ్ళ గురించి అంటే ఇంకా భయం, ఆవుల జోలికి పోలేము, పందుల జోలికీ పోలేము, ఇక మిగిలింది మేకలూ గొర్రెలే అని ముందుమాటలో అంటాడు. నవ్వొస్తుంది, తర్వాత నవ్వు ఆగిపోతుంది.

కథ చాలా చిన్నది. వాన పడని ఊరు. ఒక ముసలాయన, ముసలమ్మ. ఎవరో తాటిచెట్టంత మనిషి వచ్చి అరచేతిలో పట్టేంత నల్లటి మేకపిల్లను ఇచ్చి వెళ్ళిపోతాడు. దాన్ని ముసలమ్మ సాకుతుంది. అంతే. అయితే ఆ ఊళ్ళో మేకపిల్ల పుడితే సర్కారు దగ్గర నమోదు చేయించి చెవి కుట్టించాలి. దానికి క్యూ ఉంటుంది. ఎండలో, పిల్లను సంకనేసుకుని, ఆ క్యూలో ముసలమ్మ నిలబడుతుంది. చుట్టూ జనం సణుక్కుంటారు, పైకి మాత్రం ఎవరూ గట్టిగా అనరు. ఆ భాగం చదువుతుంటే నాకు పింఛన్ కోసం మా అమ్మ నిలబడ్డ లైను గుర్తొచ్చింది. రచయిత ఎక్కడా 'ఇది ఫలానా సర్కారు' అని చెప్పడు. చెప్పకుండానే మనకు మన లైను గుర్తొచ్చేట్టు చేస్తాడు. అదీ పనితనం.

మునుగోడు దగ్గర మా బావమరిది నలభై మేకలు సాకుతాడు. ఆయనకు చదివి వినిపించా. ఈనే ముందు మేక ఎట్లా మసులుతుందో రాసిన చోట ఆపమన్నాడు. 'బావా, ఈయన మేకల్ని కాసినోడే. చూసి రాసింది కాదిది' అన్నాడు. నేను ఎన్నో సమీక్షలు చదివాను, కొన్ని రాశాను. ఇంతకంటే మంచి సమీక్ష చూడలేదు.

'పెద్ద నవలలు మాకు అంత ఓపిక లేదు సార్' అనేవాళ్ళు దీంతో మొదలుపెట్టండి. ఓపిక ఉన్నవాళ్ళకు 'తేజో తుంగభద్ర' ఉంది. కన్నడంలో వసుధేంద్ర రాశాడు, తెలుగులో దొరుకుతుంది. తేజో అంటే పోర్చుగల్లో లిస్బన్ పక్కన పారే నది. తుంగభద్ర అంటే నేను చెప్పక్కర్లేదు, అలంపురం గుడి మెట్ల మీద కూర్చుంటే కనబడే నీళ్ళే. వాస్కోడగామా 1498లో కాలికట్‌కు వచ్చాడు, పోర్చుగీసులు 1510లో గోవా పట్టుకున్నారు. ఇవి మీకు బిట్లు. ఆ కాలంలో లిస్బన్ ఒడ్డున ఒక కుర్రాడు, విజయనగరం వైపు తుంగభద్ర ఒడ్డున మన మనుషులు, రెండు కథలూ చివరికి ఒకచోట కలుస్తాయి. ఓడలో నెలల తరబడి మనుషులు ఎట్లా కుళ్ళిపోతారో రాసిన పేజీలు అన్నం తినే ముందు చదవకండి. ఒక్క ఫిర్యాదు ఉంది నాకు. కొన్నిచోట్ల రచయిత తాను సేకరించిన సమాచారమంతా చెప్పేయాలని చూస్తాడు, కథ కాసేపు ఆగి ఎదురుచూస్తుంది. అక్కడ పేజీలు వేగంగా తిప్పండి, తప్పేం లేదు. గద్వాల నుంచి వచ్చిన వాళ్ళెవరైనా ఉన్నారా? (వెనకనుంచి ఒక గొంతు: ఉన్నం సార్!) నడిగడ్డ మీదే కదా. కృష్ణకు, తుంగభద్రకు మధ్యనున్న ఆ నేల కోసం రాజులు ఎన్ని తరాలు కొట్టుకున్నారో చదివే ఉంటావు. ఈ నవల నీకు అందరికంటే ముందు అందాలి, తమ్ముడూ.

ఇక మీ ఈడు వాళ్ళు రాసినవి. సాహిత్య అకాడమీ యువ పురస్కారం 35 ఏళ్ళలోపు వాళ్ళకు ఇస్తారు. 2024లో తెలుగుకు వచ్చింది 'ధావ్లో' కథల పుస్తకానికి. రాసింది రమేశ్ కార్తీక్ నాయక్, నిజామాబాద్ వైపు తండాలో పుట్టిన అబ్బాయి. ధావ్లో అంటే లంబాడీ పెళ్ళిలో పిల్ల అత్తారింటికి పోయేటప్పుడు ఏడుస్తూ పాడే పాట. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల నుంచి ఇక్కడ చదువుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇక్కడికి రోజూ వచ్చే ఒక అమ్మాయికి పోయిన నెల ఈ పుస్తకం చూపించా. పేరు చూసి, 'సార్, ఇది మా మాట. పుస్తకం మీద కూడా ఉంటదా?' అంది. నేను ఏం చెప్పాలి? తెలుగు అచ్చు పుస్తకాలకు ఇంతకాలం ఆ మాట ఎందుకు పట్టలేదో నన్నడిగితే, పంతులుగా నేనూ జవాబు చెప్పుకోవాలి. మేము పాఠం చెప్పిన రోజుల్లో పిల్లల ఇంటి మాటను బడి గేటు దగ్గరే ఆపేశాం.

పాత పాలమూరు జిల్లా కుర్రాడు తగుళ్ళ గోపాల్‌కు 2021లో ఇదే పురస్కారం 'దండ కడియం' అనే కవితల పుస్తకానికి వచ్చింది. అదే ఏడాది పెద్దల అవార్డు గోరటి వెంకన్న గారి 'వల్లంకి తాళం'కు. ఆయనదీ నాగర్‌కర్నూల్ వైపు గౌరారం. ఒకే సంవత్సరం రెండు అవార్డులూ పాత పాలమూరు నేల మీదికే వచ్చాయన్నమాట. వలసల జిల్లా అని మాత్రమే పేపర్లలో కనబడే జిల్లా అది. ఈ రెండూ కవిత్వం కాబట్టి ఇవాళ్టి మాటల్లోకి పూర్తిగా రావు, పేర్లు మాత్రం గుర్తుపెట్టుకోండి. మన నల్లగొండ మాటను చక్కదిద్దకుండా యథాతథంగా నవలంతా నడిపిన వేముల ఎల్లయ్య 'కక్క' కూడా లోపలి బీరువాలో ఉంది. మొదటి పది పేజీలు మన వాళ్ళకే తడబాటుగా ఉంటాయి. పెదవులు కదుపుతూ చదవండి, దారికొస్తుంది.

టైమ్ అసలే లేనివాళ్ళకు కథలు మంచివి. తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారి 'రామేశ్వరం కాకులు' 2023లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకుంది. ఒక టీ తాగే టైమ్‌లో ఒక కథ అవుతుంది. కానీ ఆ టీ చల్లారిపోతుంది, ముందే చెప్తున్నా.

అనువాదమైన పెద్ద పెద్ద చరిత్ర, సైన్సు పుస్తకాలు కూడా ర్యాక్‌లో ఉన్నాయి. 'సేపియన్స్' తెలుగులో వచ్చింది, మనిషి జాతి కథంతా ఒక్క పుస్తకంలో. వీటితో ఒక ఇబ్బంది ఉంది, దాచను. కొన్ని అనువాదాల్లో తెలుగు కింద ఇంగ్లీషు కనబడుతుంటుంది. మూడుసార్లు చదివినా వాక్యానికి తలెక్కడో తోకెక్కడో తెలియదు. అది మీ తెలివి తక్కువై కాదు. పక్కన పెట్టేసి ఇంకోటి తీసుకోండి. లైబ్రరీలో ఉన్న సుఖమే అది. కొన్న పుస్తకమైతే డబ్బులు పోయాయని ఏడుస్తూ చదవాలి.

మీకు కావలసింది ఇక్కడ లేకపోతే కౌంటర్ దగ్గర సూచనల పుస్తకం ఉంది, రాయండి. దాన్ని కూడా ఇవాళ చూశాను. ఫ్యాన్ గురించి ఆరు సూచనలు, బాత్రూమ్ గురించి తొమ్మిది. పుస్తకం గురించి ఒక్కటి, అది గైడు.

(నవ్వులు)

నేను పెద్ద బుద్ధిమంతుణ్ణని అనుకోకండి. చాలా ఏళ్ళ కింద లైబ్రరీ నవల ఒకటి దేవరకొండ బస్సులో మర్చిపోయాను. రూలు ప్రకారం వెల కట్టేశాను, సిగ్గుతో నెల రోజులు లైబ్రరీ వైపు రాలేదు. ఒకరోజు బస్టాండ్‌లో కండక్టరు నన్ను గుర్తుపట్టి సంచిలోంచి ఆ పుస్తకం తీశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం కోపంగా ఉన్నాడు. 'ఏం సారూ, చివరి రెండు పేజీలు లేవు. ఆ పిల్ల వచ్చిందా, రాలేదా?' అన్నాడు. నేనింకా అక్కడిదాకా చదవనేలేదు. ఇద్దరం కలిసి ఇంకో కాపీ కోసం తిరిగాం.

చివరగా వట్టికోట ఆళ్వారుస్వామి. వింటే మళ్ళీ బిట్టే గుర్తొస్తుంది మీకు. 1915లో నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో పుట్టాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు, 'ప్రజల మనిషి' నవల రాశాడు. ఇక్కడికి గంట దూరం లేదు ఆ ఊరు. చిన్నప్పుడే తండ్రి పోతే ఇళ్ళల్లో వంట చేసి, హోటల్లో పనిచేసి, చదువు సంపాదించుకున్న మనిషి. పుస్తకాలు అచ్చు వేసి, మూట మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. తెలుగు చదవడం, లైబ్రరీ పెట్టడం కూడా నిజాం సర్కారుకు అనుమానంగా కనబడిన రోజులవి. ఆ మూట బరువు ఎంతో నాకు తెలియాలని ఒకసారి ముప్ఫై పుస్తకాలు సంచిలో వేసుకుని గడియారం సెంటర్ నుంచి మా ఇంటిదాకా నడిచాను. రెండు కిలోమీటర్లు కూడా లేదు. మధ్యలో రెండుసార్లు దించాను, మూడోసారి ఆటో ఎక్కాను.

అరగంటన్నాను, నలభై నిమిషాలైంది. ఆ పిల్లలు గడియారం చూస్తున్నారు. ఒక్క పని ఉంది, అది చేసి దిగిపోతా. 'పూనాచ్చి' ఇక్కడ ఒక్కటే కాపీ. అది పదిహేను రోజులుగా నా దగ్గరే ఉంది, గడువు ఇవాళ్టితో అయిపోతుంది. ఇదిగో, సంచిలోనే ఉంది. దీని చీటీ మీద ఒకే ఒక్క ముద్ర ఉంది, అది నాదే. ఇప్పుడు కిందికి దిగి కౌంటర్‌లో వాపసు ఇస్తున్నా. లైన్లో నా వెనక ఎవరు నిలబడితే వాళ్ళది.